17 ఏళ్ల స్నైపర్, అతని 'డాడ్'

ఈ ఎపిసోడ్‌లో 2002 అక్టోబర్ నాటి వాషింగ్టన్ స్నైపర్ కేసు గురించి మాట్లాడుకుందాం. మూడు వారాల్లో 10 మంది చనిపోయారు. బంకులో పెట్రోల్ పోసుకుంటున్న ఒక ఇండియన్ టాక్సీ డ్రైవర్ కూడా వాళ్లలో ఉన్నాడు. పాత షెవర్లే కారు డిక్కీకి కన్నం పెట్టి, అందులోంచి కాల్చారు.

దొరికింది ఇద్దరు. జాన్ అలెన్ ముహమ్మద్, 41 ఏళ్ల మాజీ సైనికుడు. లీ బాయిడ్ మాల్వో, 17 ఏళ్లు.

మాల్వో జమైకాలో పుట్టాడు. తండ్రి దగ్గర లేడు, తల్లి పని కోసం దేశాలు తిరిగేది. ఆంటిగ్వాలో ఒంటరిగా ఉన్నప్పుడు ముహమ్మద్ చేరదీశాడు, కొడుకన్నాడు. తర్వాత తుపాకీ కాల్చడం నేర్పాడు. చూడండి, ఈ వలకి ఎర ప్రేమే!

కేసు ముందు వర్జీనియాకి వెళ్లింది. ఎందుకంటే అప్పట్లో అక్కడ మైనర్‌కీ మరణశిక్ష వేసే వీలుండేది. మాల్వోనేమో కాల్పులన్నీ తనవే అన్నాడు. బ్రెయిన్‌వాష్ చేశారని లాయర్లు వాదించారు. 2003లో జ్యూరీ దోషే అంది, ప్రాణం మాత్రం తీయలేదు. యావజ్జీవం. మైనర్లకు మరణశిక్షని సుప్రీంకోర్టు రద్దు చేసింది 2005లో.

2006లో మేరీల్యాండ్ కోర్టులో మాల్వో నోరు విప్పాడు. ముహమ్మద్‌ని కాపాడ్డానికే అన్నీ తన మీద వేసుకున్నాడట. అలాగని అమాయకుడని నేననను, కొన్ని కాల్పులు తనవేనని అతనే ఒప్పుకున్నాడు. ఆ కేసులో ముహమ్మద్ తనకి తనే లాయర్. అంటే, 'డాడ్' అని పిలిచిన మనిషే లేచి ఆ కుర్రాణ్ని క్రాస్ ఎగ్జామిన్ చేశాడు.

2009లో ముహమ్మద్‌కి మరణశిక్ష అమలైంది. 2022లో మాల్వోకి పెరోల్ ఇవ్వడానికి వర్జీనియా బోర్డు ఒప్పుకోలేదు.