అద్దం చుట్టూ గట్టు

ఉదయం అయిదున్నర. రోహిణి కార్తె వచ్చి మూడు రోజులైంది. రాజమండ్రిలో ఈ రోజుల్లో డాబా రాత్రి కూడా చల్లారదు. చెప్పులు విడిచి కాలు పెడితే నిన్నటి ఎండ ఇంకా అరికాలికి తగులుతోంది. డాబా నడుమ, నాలుగడుగుల పొడవు మూడడుగుల వెడల్పున్న పై అద్దం పక్కన తాపీ మేస్త్రి గొంతుకూర్చుని, అంచు చుట్టూ ఉన్న నల్లపూతని ఉలి మొనతో ఎత్తుతున్నాడు. దానికి పట్టు లేదు. ఉల్లిపొరలా లేచి వస్తోంది.

పైన తారు షీటు. దాని కింద సిలికాన్, ఎండకి బిగిసి రెండంచులూ వదిలేసింది. దాని కింద తెల్లసిమెంటు. ఆ కింద మళ్లీ సిలికాన్. అన్నిటికంటే అడుగున లప్పం, పిండిగా రాలుతోంది. ఒక్కో పొరా ఒక్కో వానాకాలం. వాటిలో నాలుగింటిని పక్కన నిలబడి పూయించింది నేనే.

"ఎన్నేళ్ల నుంచి పూయిస్తున్నారండీ?"

"పదేళ్లు దాటింది మేస్త్రి గారూ."

ఆయన తల ఎత్తలేదు. "పూతలో తప్పు లేదండి. నీళ్లు నిలబడే చోట పూస్తే అది మాత్రం ఎన్నాళ్లు ఆగుద్ది?"

ఈ అద్దం కిందే మా హాలు. రెండు పక్కలా ఇళ్లు గోడకి గోడ ఆనుకుని ఉన్నాయి, కిటికీ పెట్టే వీలు లేదు. 2008లో శ్లాబు పోయించేటప్పుడే నాన్నగారు నడుమ ఈ ఖాళీ వదిలించారు. అమ్మ కోనసీమలో పెరిగింది. వాళ్ల పెంకుటింట్లో వంటింటి కప్పుకి నాలుగు అద్దప్పెంకులుండేవట. పొయ్యి పొగలోంచి ఎండ ఏటవాలుగా దిగి, పొద్దు తిరిగేకొద్దీ గోడ మీద జరుగుతూ ఉండేదట. ఆ వెలుగు చూసే పెసరట్టు ఎప్పుడు పోయాలో, బియ్యం ఎప్పుడు ఎసట్లో వెయ్యాలో తెలిసేదని అమ్మ చెబుతుంది. ఇప్పటికీ పొద్దున్న పేపరు చదివేదీ, చింతపండు ఈనెలు తీసేదీ ఈ అద్దం కిందే.

"ఆ ఖాళీ పూడ్పించేయండి, ఏ గొడవా ఉండదు" అన్నవాళ్లు చాలామంది. పూడిస్తే కారదు, నిజమే. కానీ మిట్టమధ్యాహ్నం లైటు వేసుకుని కూర్చునే హాలుని అమ్మకి నేను ఇవ్వలేను.

ఉలి పెట్టడానికి ముందు ఆదివారం మేస్త్రి ఒక పరీక్ష చేశాడు. అదే అసలు సంగతి బయటపెట్టింది. నన్ను పైన గొట్టం పట్టుకోమని, తను కింద హాల్లో నిలబడ్డాడు. మొదట అద్దం మీద మాత్రమే నీళ్లు. పది నిమిషాలు. కింద చుక్క లేదు. తరవాత అద్దం, ఇనుప ఫ్రేము కలిసేచోట. ఏమీ లేదు. మేమింతకాలం డబ్బు పోసి మూసింది ఆ అతుకునే. అప్పుడు ఫ్రేము చుట్టూ శ్లాబు మీద ఇసకతో చిన్న కట్ట వేయించి, అందులో నీళ్లు నింపమన్నాడు. రెండంగుళాలు నిలిచింది. ఇరవై నిమిషాలు గడిచాయి. కింద నుంచి కేక.

"మెయిను కట్టేయండి బాబూ, ముందు మెయిను కట్టేయండి!"

దిగి చూస్తే అద్దానికి మూడడుగుల దూరంలో, ఫ్యాను కొక్కెం దగ్గర చుక్క వేలాడుతోంది. నిండింది, రాలింది. మళ్లీ నిండుతోంది.

అద్దం కారడం లేదు. ఫ్రేముని గట్టు లేకుండా నేరుగా శ్లాబు మట్టానికి కూర్చోబెట్టారు. ఆ చోట శ్లాబు కాస్త పల్లం. వాన నీళ్లు చుట్టూ చేరి, ఫ్రేము కిందికి దూరి, కాంక్రీటులో ఊచల వెంబడి పాకి, దారి దొరికినచోట దిగుతున్నాయి. చుక్క పడేచోటు ఒకటి, నీరు దూరేచోటు ఇంకొకటి. ఈ సంగతి తెలియక ఎన్ని ఇళ్లలో మరకకి సున్నం కొట్టి ఊరుకుంటున్నారో అనిపించింది.

ఇప్పుడు ఫ్రేము కదిలింది. వెల్డరు బోల్టులు కోశాడు. నలుగురం నాలుగు మూలలా పట్టి అద్దాన్ని ఎత్తి పిట్టగోడకి ఆనించాం. అంచు మందం చూసి వెల్డరు నాలిక కరుచుకున్నాడు. "5 మిల్లీమీటర్ల మామూలు అద్దమండి. కొబ్బరి మట్ట పడినా, కోతి దూకినా కత్తుల్లా విరిగి పడేది." పక్కింటి కొబ్బరిచెట్టు మా డాబా మీదికే వంగి ఉంది. కింద ఖాళీలోంచి చూస్తే, సరిగ్గా ఆ చోటనే అమ్మ కుర్చీ. నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను.

శ్లాబు అంచు ఉలితో కొట్టేకొద్దీ పెచ్చులు ఊడుతున్నాయి. ఊచలు బయటపడ్డాయి, ఎర్రగా, పొరలు కట్టి. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. ఆ ఉబ్బే చుట్టూ ఉన్న కాంక్రీటుని లోపలి నుంచి పగలగొడుతుంది. మేము కారుడు చూస్తున్నామనుకున్నాం గానీ లోపల శ్లాబే కరుగుతోంది. వైరు బ్రష్షుతో ఊచల్ని మెరిసేదాకా తోమారు. పది గంటలయ్యేసరికి ఉలి పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. పని ఆపేశాం.

ఆ రాత్రి ఇంటి కప్పుకి మూత లేదు. చీకటి పడ్డాక అమ్మ మంచం సరిగ్గా ఖాళీ కిందికి జరిపించుకుంది. "ఒక్క రాత్రే కదరా" అంది. గాలి పైనుంచి దిగుతోంది. హాల్లో పడుకుని నక్షత్రాలు చూడటం నాకదే మొదలు.

పదకొండు దాటాక గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. కొబ్బరాకు కదలడం లేదు. ఆ ఊపిరాడని నిశ్శబ్దం ఈ జిల్లాలో పెరిగినవాళ్లకి తెలుసు. పడమటి వైపు ఒక మెరుపు, ఇంకోటి. ఒక్కసారి దుమ్ము లేచి వీధి తలుపు దడాలున కొట్టుకుంది. నేను పైకి పరుగెత్తాను. ఖాళీ మీదికి బరకం లాగి పరిచేసరికే దాని మూల ఒకటి గాలికి లేచి చెంపమీద కొట్టింది. దాని మీదికి మోకాళ్లతో ఎక్కి కూర్చుని, చేతికందిన ఇటుకలు అంచుల మీద పెడుతున్నాను. మొదటి చుక్కలు పెద్దవి, వెచ్చగా ఉన్నాయి. కాలిన శ్లాబు మీద పడి ఆవిరైపోతున్నాయి. ఆ తడిమట్టి వాసన ఒక్క క్షణం హాయిగా అనిపించింది. మరుక్షణం వాన దిగింది.

చదునుగా పరిచిన బరకం నడుమ నీళ్లు చేరి కడవ పొట్టలా కిందికి వేలాడింది. కింద అమ్మ కర్రతో దాన్ని పైకి పొడుస్తోంది. ప్రతి పొడుపుకీ నీళ్లు అంచు దాటి పొర్లుతున్నాయి. ఆ అంచుకి గట్టు లేదు, కాబట్టి సగం బయటికి, సగం ఇంట్లోకి. మూడు గిన్నెలు, రెండు బకెట్లు, ఒక బేసిను నిండాయి. గాలివాన ముప్పావుగంటలో పోయింది. తెల్లవారేదాకా అమ్మ, నేను నేల తుడుస్తూనే ఉన్నాం.

ఉదయం మేస్త్రి వచ్చి చూసి, "ఆయ్, ఇప్పుడర్థమైందా అండీ గట్టంటే ఏంటో" అన్నాడు. ఎగతాళి లేదు ఆ మాటలో. ఆయన సొంతూరులో వరిచేలు ఉన్నాయి, గట్టు అన్న మాట ఆయన నోట బరువుగానే వస్తుంది. ఇటుకతో కడదామా అని నేనడిగితే వద్దన్నాడు. ఇటుక చెమ్మ పీలుస్తుంది. శ్లాబులోకి రంధ్రాలు వేసి ఊచలు దించి, నాలుగంగుళాల మందాన కాంక్రీటే పోశాడు. తూము వైపు 9 అంగుళాల ఎత్తు, ఎదుటి వైపు 15. అద్దం ఇక చదునుగా పడుకోదు, తూము వైపు వాలుతుంది.

అమ్మ టీ గ్లాసులు పట్టుకుని పైకి వచ్చి ఆ వాలు చూసింది. "మా పెంకుటిల్లూ ఇంతేగా" అంది. మేస్త్రి ముఖం వెలిగింది. "అంతేనమ్మా. బెంగుళూరు పెంకుకి సిమెంటెవరు పూశారు?"

వాళ్లిద్దరూ చెప్పుకుంటుంటే నేను వింటూ నిలబడ్డాను. మనం బెంగుళూరు పెంకు అంటాం గానీ అది మంగుళూరుది. బాసెల్ మిషన్ వాళ్లు 1865లో అక్కడ పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఆ పెంకు అడుగున కొక్కెంలా ఒక ముక్కు ఉంటుంది, అది చెక్క రీపరుకి తగులుకుంటుంది. పై పెంకు అంచు కింది పెంకు మీదికి వస్తుంది. పక్క పెంకుతో గాడి గాడిలో కూర్చుంటుంది. జిగురు లేదు, పూత లేదు. నీటికి కిందికి పోయే దారి ఇచ్చారు, పక్కకి పోయే దారి ఇవ్వలేదు. అద్దప్పెంకూ అదే అచ్చులో చేసింది కాబట్టి మట్టిపెంకు తీసి ఆ చోట పెడితే చాలు. అమ్మ పుట్టింట్లో ఆ నాలుగూ ఒక్క వానకీ కారలేదట. కోతులు పెంకులు కదిపినప్పుడు మాత్రం కారేది, పైకెక్కి సర్దితే పోయేది. ఎనభై ఏళ్ల కిందటి కప్పుకి తెలిసింది, మా శ్లాబు మీద అద్దం పెట్టినవాళ్లు మరిచారు.

వారం రోజులు గట్టుకి గోనెపట్టా చుట్టి తడిపాం. గట్టూ శ్లాబూ కలిసే మూల చుట్టూ సిమెంటుని గుండ్రంగా తిప్పి, దాని మీద వల గుడ్డ పరిచి, నీటిని ఆపే పూత రెండుసార్లు వేశారు. అవును, పూతే. కానీ ఇప్పుడది నీళ్లు నిలవని చోట ఉంది. పల్లాన్ని కూడా తూము వైపు సర్దారు. ఒక రోజంతా చుట్టూ నీళ్లు కట్టి ఉంచాం. ఫ్యాను కొక్కెం పొడిగా ఉంది. నేను దాన్ని వేలితో తడిమి చూశాను, రెండుసార్లు.

అద్దం కొలత తీసుకున్న రోజు అద్దాల కుర్రాడు టేపుతో నాలుగు పక్కలూ కొలిచాక, మూల నుంచి మూలకి రెండుసార్లు కొలిచాడు. రెండు కొలతలూ ఒకటైతేనే మూలలు సరిగా ఉన్నట్టు. "ఇది టఫెండ్ అద్దమండి. కాల్చి గట్టిపరిచాక ఇక కొయ్యలేం. అంగుళం తేడా వచ్చినా పారెయ్యాల్సిందే." 6 మిల్లీమీటర్ల అద్దాలు రెండు, నడుమ పలచటి పొర. పగిలినా ముక్కలు ఆ పొరకి అంటుకుని ఉంటాయి, తల మీద పడవు. ధర విని అమ్మ వెనక్కి తగ్గబోయింది. నేను తగ్గలేదు. కింద మనుషులు కూర్చునే చోట మామూలు అద్దం పెట్టడం తప్పు, అందులో పొదుపు అన్న మాటే లేదు.

అద్దం వచ్చింది. అయిదడుగులు, నాలుగడుగులు. యాభై ఆరు కిలోలు. రబ్బరు పిడులు రెండు పక్కలా అంటించి నలుగురు మోస్తుంటే మెట్ల మలుపు దగ్గర అందరి ఊపిరీ ఆగింది. "నిదానం... ఎడమ ఎత్తు... గోడ, గోడ!" పైకి చేరాక ఆకాశం మొత్తం ఆ అద్దంలో ఊగింది. గట్టు మీద త్వరగా తుప్పు పట్టని జీఐ ఫ్రేము, దాని మీద నల్లటి రబ్బరు పట్టీ. అద్దం ఎక్కడా ఇనుముకి తగలకూడదు. దించారు. గట్టు దాటి అన్ని వైపులా ఒకటిన్నర అంగుళం బయటికి వచ్చింది, చూరులాగా. జారిపోకుండా కింది అంచున రెండే రెండు క్లిప్పులు. పొడుగునా పట్టీ ఎందుకు వేయలేదని అడిగాను. "వేస్తే దాని వెనక నీళ్లు ఆగిపోతాయి కదండీ" అన్నాడు కుర్రాడు. చివర సిలికాన్. పులుపు వాసన కొట్టే రకం కాదు, అది ఈ రెండు పొరల అద్దానికి పడదట. వాసన లేని రకం తెచ్చాడు.

మర్నాడు మళ్లీ గొట్టం. ఈసారి నేను కింద. కింది అంచుతో మొదలుపెట్టి, పక్కలు, చివరికి పై అంచు. నీరు అద్దం మీద పలచగా పరుచుకుని జారుతుంటే దాని నీడ హాలు గోడ మీద అలలు అలలుగా పారింది. అమ్మ పని ఆపి ఆ గోడనే చూస్తూ కూర్చుంది. చుక్క రాలలేదు.

మృగశిర కార్తెలో మొదటి పెద్ద వాన రాత్రి రెండింటికి వచ్చింది. అద్దం మీద చినుకుల మోతకి మెలకువ వచ్చి హాల్లోకి వస్తే అమ్మ అప్పటికే అక్కడుంది. ఇద్దరం నేల తడిమాం. పొడిగా ఉంది. తెల్లవారాక బేసినూ గిన్నెలూ వంటింట్లో పెట్టేసింది.

మీ ఇంటి మీద కూడా ఇలాంటి అద్దం ఉంటే, కారుతుంటే, పూత డబ్బా కొనే ముందు ఒక ఆదివారం గొట్టం పట్టుకుని పైకెక్కండి. కింద ఒక మనిషిని నిలబెట్టండి. అద్దం మీద కాదు, దాని చుట్టూ శ్లాబు మీద నీళ్లు కట్టి చూడండి. వానలు రాకముందే చూడండి.