మూడో డోసు: మార్చి 2021 జాబితా జనవరి 2022లో ఏమైంది?

కొవిడ్ టీకా విధానంపై ప్రశ్న వస్తే మనలో చాలామంది బూస్టర్ డోసు, అదనపు డోసు ఒకటేనని రాసేస్తాం. రెండూ వేరు. వచ్చిన రక్షణ కొన్ని నెలలకు తగ్గితే దాన్ని మళ్లీ పెంచేది బూస్టర్. రోగనిరోధక శక్తి బలహీనంగా ఉన్నవారిలో చాలామందికి రెండు డోసులతో ఆ రక్షణే సరిగా రాదు. ఉదాహరణకు, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే మందులు టీకాకు శరీరం స్పందించే తీరును కూడా తగ్గిస్తాయి. అందుకే వీరికి అదనపు డోసు ప్రాథమిక కోర్సులో భాగం.

అమెరికా దీన్ని 12 ఆగస్టు 2021న అనుమతించింది. అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం కూడా ఇదే సిఫారసు చేసింది.

మన దేశం సంగతి చూడండి. 1 మార్చి 2021న 45-59 ఏళ్లవారిలో 20 రకాల జబ్బులున్నవారికి టీకా మొదలైంది. అవయవ మార్పిడి, డయాలసిస్, రక్త క్యాన్సర్లు, హెచ్ఐవీ ఆ జాబితాలో ఉన్నాయి. కానీ 10 జనవరి 2022న మొదలైన ప్రికాషన్ డోసు ఆరోగ్య సిబ్బందికి, ఫ్రంట్‌లైన్ సిబ్బందికి, జబ్బులున్న 60 ఏళ్లు పైబడినవారికి మాత్రమే. రెండో డోసుకు, దీనికి మధ్య 9 నెలల విరామం.

దీని ఫలితం అర్థం కావాలంటే ఖరగ్‌పూర్‌లో ఒక ఇంటిని ఊహించుకోండి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో డయాలసిస్‌పై ఉన్న 50 ఏళ్ల గృహిణి మే 2021లో రెండో డోసు వేయించుకున్నారనుకుందాం. ఫిబ్రవరి 2022కి 9 నెలలు నిండాయి. అయినా వయసు 60 కాదు కనుక అర్హత లేదు. 10 ఏప్రిల్ 2022న 18 ఏళ్లు దాటిన అందరికీ అనుమతి వచ్చింది, కానీ ప్రైవేటు కేంద్రాల్లో డబ్బు కట్టి: టీకా ధర 225 రూపాయలు, సర్వీసు ఛార్జీ గరిష్ఠంగా 150. పెద్దలందరికీ ఉచితమైంది 15 జూలైన, అదీ 75 రోజులపాటు.

కోట్ల మందికి టీకా వేయాల్సినప్పుడు వయసు సులువైన కొలమానం, నిజమే. కానీ జబ్బుల జాబితా ప్రభుత్వం దగ్గర అప్పటికే ఉంది. 14వ అధికరణ ప్రకారం వర్గీకరణకు, దాని లక్ష్యానికి హేతుబద్ధ సంబంధం ఉండాలి. ప్రాణాపాయం ఎక్కువున్నవారిని కాపాడటమే లక్ష్యమైతే, 59 ఏళ్ల డయాలసిస్ రోగిని బయట ఉంచిన గీతను ఎలా సమర్థిస్తారు? ఈ ప్రశ్నకు 150 పదాల్లో జవాబు రాసి చూడండి.