ఎనిమిది అడుగుల దూరం

2003 ఫిబ్రవరి 28. హనోయ్‌లోని ఫ్రెంచ్ ఆసుపత్రి నుంచి డాక్టర్ కార్లో ఉర్బానీకి ఫోన్ వచ్చింది. రెండు రోజుల కిందట చేరిన పేషెంటు, చైనా మూలాలున్న అమెరికన్ వ్యాపారి, ఊపిరాడక అల్లాడుతున్నాడు. ఏ మందుకూ లొంగడం లేదు. బర్డ్ ఫ్లూనేమో, ఒకసారి వచ్చి చూసి పొమ్మన్నారు.

ఉర్బానీ ఇటలీ దేశస్థుడు. వయసు 46, ముగ్గురు పిల్లలు. వియత్నాంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున అంటువ్యాధుల పని చూస్తున్నారు. ఆయన అసలు నైపుణ్యం మాత్రం బడిపిల్లల కడుపుల్లోని నులిపురుగుల మీద! ఫోన్‌లోనే నాలుగు సలహాలు చెప్పి ఊరుకున్నా తప్పుపట్టేవారు లేరు. ఆయన వెళ్లారు. మర్నాడూ వెళ్లారు. ఆ తర్వాత రోజూ వెళ్లారు.

వారం తిరక్కముందే నర్సులు మంచాన పడటం మొదలైంది. నిన్న సెలైన్ ఎక్కించిన అమ్మాయికి ఇవాళ ఒళ్లు కాలిపోతోంది. గొంతులోకి గొట్టం వేసినప్పుడు దగ్గర నిలబడ్డవాళ్లు, కఫం తీసినవాళ్లు, దుప్పట్లు మార్చినవాళ్లు... ఒక్కొక్కరే. డ్యూటీ నర్సుల్లో కొందరు అదే ఆసుపత్రిలో పేషెంట్లయ్యారు. మిగిలినవాళ్లు ఇళ్లకు పోకుండా అక్కడే ఉండిపోయారు, తమ తోటివాళ్లకు సేవ చేస్తూ.

తర్వాత సార్స్ అని పేరుపెట్టిన ఈ జబ్బు తీరే అంత. జ్వరం మొదలైన రోజుల్లో పెద్దగా అంటదు. రెండో వారంలో, మనిషి బాగా చితికిపోయాక, వైరస్ విజృంభిస్తుంది. అప్పటికి పేషెంటు ఇంట్లో ఉండడు, వార్డులో ఉంటాడు. అంటే, వీధిలో వెళ్లేవాడి కన్నా మంచం పక్కన నిలబడ్డ నర్సుకే ముప్పెక్కువ. హాంకాంగ్‌లో ఒక పేషెంటుకు ఊపిరి తేలికవుతుందని నెబ్యులైజర్ పెట్టారు. ఆ పొగతోపాటే వైరస్ వార్డంతా పాకి ఉంటుందని తర్వాత అనుమానించారు.

ఇది ఫ్లూ కాదని ఉర్బానీ తొందరగానే గ్రహించారు. స్వయంగా నమూనాలు తీసి బయటి ల్యాబ్‌లకు పంపారు. మాస్కులు, గౌన్లు, వేరు గదులు ఏర్పాటు చేయించారు. భార్య గొడవపడింది: ముగ్గురు పిల్లల తండ్రివి, ఇంత తెగింపు ఎందుకని. ఇలాంటప్పుడు పనికి రాకపోతే ఇక ఇక్కడ ఉండి చేసేదేమిటి, మెయిళ్లకు జవాబులు రాసుకుంటూ కూర్చోవడమా అన్నది ఆయన జవాబు.

మార్చి 9, ఆదివారం. వియత్నాం ఆరోగ్య శాఖ పెద్దలతో నాలుగు గంటల సమావేశం. పర్యాటకులు రాకుండా పోతారన్న భయం ఏ ప్రభుత్వానికైనా ఉంటుంది. అయినా ఒప్పుకున్నారు: ఆసుపత్రిని మూసేస్తాం, విదేశీ నిపుణులను రానిస్తాం. ఆ నాలుగు గంటల విలువ ఎంతో లెక్కగట్టడం కష్టం.

మార్చి 11న, నులిపురుగుల మీద ఒక సదస్సు కోసం ఆయన బ్యాంకాక్ విమానం ఎక్కారు. దారిలోనే జ్వరం తగిలింది. విమానాశ్రయంలో ఎదురు చూస్తున్న అమెరికన్ డాక్టర్ చెయ్యి కలపబోతే, దగ్గరికి రావద్దని ఆపేశారు. ఎనిమిది అడుగుల ఎడంగా రెండు కుర్చీలు వేసుకుని ఇద్దరూ అలాగే కూర్చున్నారు. అంబులెన్స్ సిబ్బంది రక్షణ దుస్తులు సమకూర్చుకుని వచ్చేసరికి గంటన్నర పట్టింది. ఆ ఆలస్యాన్ని తప్పుపట్టలేం. హనోయ్ నర్సులకు దక్కనిది సరిగ్గా ఆ గంటన్నరే.

మర్నాడు ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాలన్నిటినీ అప్రమత్తం చేసింది. ఉర్బానీ అప్పటికి బ్యాంకాక్‌లో, హడావుడిగా సిద్ధం చేసిన ఒంటరి గదిలో ఉన్నారు. భార్య వచ్చి ఇంటర్‌కామ్‌లో మాట్లాడింది. మార్చి 29న ఆయన కన్నుమూశారు. ఆ వైరస్ రకానికి శాస్త్రవేత్తలు ఆయన పేరే పెట్టారు.

ఏప్రిల్ 28న సార్స్ నుంచి బయటపడ్డ తొలి దేశంగా వియత్నాంను ప్రకటించారు. అక్కడ జబ్బు పడ్డ 63 మందిలో 36 మంది ఆసుపత్రి సిబ్బందే. చనిపోయిన వాళ్లు అయిదుగురు. వైరస్‌కు నర్సుల పేర్లేవీ పెట్టలేదు. అదే హనోయ్‌లో బాచ్ మై ఆసుపత్రి కూడా సార్స్ పేషెంట్లను చేర్చుకుంది. అక్కడ ఏసీ గదుల్లేవు, కిటికీలు బార్లా తెరిచి పెట్టారు, మాస్కులు వేసుకున్నారు. సిబ్బందిలో ఒక్కరికీ జబ్బు సోకలేదు.