నగరాల గాలి: ఇంధనం మారితే సరిపోతుందా?

ఢిల్లీ వాయు కాలుష్యంపై సుప్రీంకోర్టు 1998 జులై 28న వెలువరించిన ఉత్తర్వులో రెండు ముఖ్యమైన ఆదేశాలున్నాయి. నగర బస్సులన్నీ డీజిల్‌ను విడిచి సీఎన్‌జీతో, అంటే సంపీడన సహజవాయువుతో నడవాలన్నది ఒకటి. 2001 ఏప్రిల్ 1 నాటికి బస్సుల సంఖ్యను 10,000కు పెంచాలన్నది మరొకటి. మొదటి ఆదేశం గడువు దాటినప్పటికీ 2002 చివరికి అమలైంది. రెండవది ఆ గడువుకే కాదు, ఆ తర్వాత రెండు దశాబ్దాలకూ నెరవేరలేదు. నెరవేరిన ఆదేశం దేశమంతటికీ తెలుసు. నెరవేరని ఆదేశం దాదాపు మరుగున పడింది. పెరుగుతున్న నగరాలు ఢిల్లీ నుంచి నేర్చుకోవలసిన పాఠం ఈ రెండవ ఆదేశంలోనే ఉంది.

కంటికి కనిపించని ధూళి

వాయు కాలుష్యానికి ప్రధాన కొలమానం పీఎం 2.5. గాలిలో తేలియాడే, 2.5 మైక్రాన్లు లేదా అంతకంటే తక్కువ వ్యాసం గల కణాలను ఇలా వ్యవహరిస్తారు. ఇవి తల వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు ఉంటాయి. ముక్కు, గొంతు వీటిని ఆపలేవు. ఊపిరితిత్తుల లోతుకు చేరి, అక్కడి నుంచి రక్తంలోకి ప్రవేశించి గుండెజబ్బులకు, పక్షవాతానికి, శ్వాసకోశ వ్యాధులకు కారణమవుతాయి. 10 మైక్రాన్ల వరకు ఉండే పీఎం 10లో రోడ్డు దుమ్ము, నిర్మాణ ధూళి పాలు ఎక్కువ.

ఈ కణాలన్నీ పొగగొట్టాల నుంచి నేరుగా వెలువడవు. వాహనాల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు, బొగ్గు మండినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలోని అమ్మోనియాతో కలిసి కొత్తగా సూక్ష్మకణాలను ఏర్పరుస్తాయి. అందువల్ల కంటికి పొగ కనిపించనంత మాత్రాన కాలుష్యం లేదని భావించరాదు.

భారతదేశం 2009లో నిర్దేశించిన ప్రమాణాల ప్రకారం పీఎం 2.5 వార్షిక సగటు ఘనపు మీటరు గాలిలో 40 మైక్రోగ్రాములకు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల్లో ఈ పరిమితి 5 మైక్రోగ్రాములు. దేశీయ ప్రమాణాన్ని అందుకున్న నగరం సైతం ఆరోగ్య సంస్థ సూచించిన స్థాయికి ఎనిమిది రెట్ల దూరంలో ఉండవచ్చు.

వార్తల్లో వినిపించే వాయు నాణ్యతా సూచీని ఎనిమిది కాలుష్యకాల ఆధారంగా లెక్కిస్తారు. అయితే అది వాటి సగటు కాదు. ఏ కాలుష్యకం అత్యధిక ఉపసూచీని నమోదు చేస్తే దానినే ఆ ప్రాంత సూచీగా ప్రకటిస్తారు. 50 వరకు ‘మంచి’, 100 వరకు ‘సంతృప్తికరం’, 200 వరకు ‘మధ్యస్థం’. 201 నుంచి ‘అధమం’, 301 నుంచి ‘అత్యంత అధమం’, 401 దాటితే ‘తీవ్రం’.

ఢిల్లీ అనుభవం

న్యాయవాది ఎం.సి. మెహతా 1985లో దాఖలు చేసిన వ్యాజ్యమే సీఎన్‌జీ మార్పునకు మూలం. బస్సులు, ఆటోలు, ట్యాక్సీలు ఈ ఇంధనానికి మారడంతో వీధుల్లో నల్లని డీజిల్ పొగ తగ్గింది. 2002 డిసెంబరు 24న షాదరా, తీస్ హజారీల మధ్య మెట్రో రైలు కూడా ప్రారంభమైంది.

అయితే బస్సులు ఆశించిన మేర పెరగకపోగా, సొంత వాహనాలు విపరీతంగా పెరిగాయి. ఢిల్లీలో నమోదైన వాహనాల సంఖ్య 2018 నాటికి కోటి దాటింది. ఒక్కో వాహనం విడుదల చేసే కాలుష్యం తగ్గినా, వాహనాల సంఖ్య ఆ ప్రయోజనాన్ని చాలావరకు హరించింది. రహదారిపై బస్సులకు ప్రత్యేక వరుస కేటాయించే ప్రయత్నం 2008లో మొదలైంది. కారు ప్రయాణికుల నుంచి తీవ్ర వ్యతిరేకత ఎదురై, 2016లో దానిని తొలగించారు. అదే తరహాలో అహ్మదాబాద్ 2009లో ప్రారంభించిన జన్‌మార్గ్ బస్సు మార్గాలు కొనసాగుతున్నాయి.

2020 ఏప్రిల్ 1న దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. బీఎస్-5ను దాటవేసి నేరుగా ఈ దశకు చేరడంతో ఇంధనంలో గంధకం పరిమితి పది లక్షల భాగాలకు 50 నుంచి 10 భాగాలకు తగ్గింది. ఇది గణనీయమైన ముందడుగు. కానీ రద్దీలో నిలిచిపోయిన వాహనం, ఏ ప్రమాణానిదైనా, కదలకుండానే ఇంధనాన్ని మండిస్తుంది.

విద్యుత్తు ఎక్కడి నుంచి?

విద్యుత్ వాహనానికి పొగగొట్టం ఉండదు. అది తిరిగే వీధిలో నైట్రోజన్ ఆక్సైడ్లు వెలువడవు, శబ్దమూ తక్కువే. రోజుకు వందల కిలోమీటర్లు తిరిగే బస్సు విద్యుత్తుకు మారితే కలిగే మేలు, అరుదుగా బయటికి తీసే కారు మారడం వల్ల కలిగే మేలు కంటే ఎంతో ఎక్కువ. నగరాలకు 10,000 విద్యుత్ బస్సులు సమకూర్చేందుకు కేంద్ర ప్రభుత్వం 2023 ఆగస్టులో పీఎం ఈ-బస్ సేవా పథకాన్ని ఆమోదించింది. అయితే టైర్ల అరుగుదల, రోడ్డు దుమ్ము విద్యుత్ వాహనాలతోనూ తప్పవు.

ఇక విద్యుత్ మూలం విషయానికి వస్తే రెండు అంకెలను వేరుగా చూడాలి. దేశ స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో శిలాజేతర వనరుల వాటా 2025లో 50 శాతానికి చేరింది. వాస్తవ ఉత్పత్తిలో మాత్రం బొగ్గుదే ఇప్పటికీ సింహభాగం. సౌర ఫలకాలు పగటిపూట మాత్రమే పనిచేస్తాయి, బస్సులు ప్రధానంగా రాత్రి డిపోల్లో చార్జింగ్ అవుతాయి. నిల్వ సదుపాయాలు పెరిగితేనే ఈ అంతరం తగ్గుతుంది. మధ్యప్రదేశ్‌లోని రేవా సౌర విద్యుత్ కేంద్రం నుంచి ఢిల్లీ మెట్రో 2019 నుంచి విద్యుత్తును పొందుతోంది. నగర రవాణాను దూరప్రాంత స్వచ్ఛ విద్యుత్తుతో నడపవచ్చని ఇది నిరూపించింది.

మరోవైపు, బొగ్గు కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్‌కు 2015 డిసెంబరులో విధించిన ప్రమాణాల గడువును పలుమార్లు పొడిగించారు. 2025 జులైలో అత్యధిక కేంద్రాలకు గంధక నిర్మూలన పరికరాల ఏర్పాటు నుంచి మినహాయింపు లభించింది.

గాలికి ఎల్లలు లేవు

నదికి పరీవాహక ప్రాంతం ఉన్నట్లే గాలికీ ఉంటుంది. పొరుగు రాష్ట్రాల పంట కొయ్యకాళ్ల మంటలు, ఇటుక బట్టీలు, పరిశ్రమల పొగ ఢిల్లీని చేరతాయి. శీతాకాలంలో నేలకు సమీపంలోని చల్లని గాలిపై వెచ్చని గాలిపొర మూతలా నిలవడంతో కాలుష్యం పైకి పోదు. అందుకే 2021లో పార్లమెంటు చట్టం ద్వారా ఢిల్లీతో పాటు హరియాణా, పంజాబ్, రాజస్థాన్, ఉత్తర్‌ప్రదేశ్‌లలోని పరిసర ప్రాంతాలకు ఉమ్మడిగా ఒక కమిషన్‌ను ఏర్పాటు చేసింది.

తెలుగు నగరాల ముందున్న అవకాశం

2019 జనవరిలో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం పరిధిలో సుమారు 130 నగరాలున్నాయి. విశాఖపట్నం, విజయవాడ సహా ఆంధ్రప్రదేశ్ నుంచి 13, తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్లగొండ, సంగారెడ్డి, పటాన్‌చెరు ఇందులో చేరాయి. ఈ కార్యక్రమంలో నగరాల పనితీరును పీఎం 10 ఆధారంగా అంచనా వేస్తారు. అందువల్ల నిధులు రోడ్లు ఊడ్చే యంత్రాలకు, నీటి పిచికారీకి మళ్లుతున్నాయన్న విమర్శ ఉంది. ప్రాణాలకు మరింత ముప్పు తెచ్చే పీఎం 2.5 ప్రధానంగా దహనం నుంచి పుడుతుంది. ఊడ్చినంత మాత్రాన అది తగ్గదు.

విశాఖపట్నంలో ఓడరేవు, చమురుశుద్ధి కర్మాగారం, ఉక్కు కర్మాగారం కొండల నడుమ జనావాసాలకు చేరువలోనే ఉన్నాయి. అక్కడి వ్యూహం ఢిల్లీకి నకలు కాజాలదు. హైదరాబాద్‌లో తొలిదశ మెట్రో మార్గం పొడవు సుమారు 69 కిలోమీటర్లు. స్టేషన్ నుంచి ఇంటికి నడిచేందుకు అనువైన కాలిబాట, సమయానికి వచ్చే బస్సు లేకపోతే ప్రయాణికుడు తిరిగి ద్విచక్ర వాహనాన్నే ఆశ్రయిస్తాడు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం అమలవుతోంది. పెరిగిన ఈ ఆదరణకు తగినన్ని బస్సులు సమకూర్చడమే ఇక మిగిలిన కర్తవ్యం.

కొత్త వాహన విధానం ప్రకటించిన ప్రతిసారీ ఏ ఇంధనమన్న ప్రశ్న సహజంగా వినిపిస్తుంది. దానితో పాటు ఎన్ని బస్సులన్న ప్రశ్నకూ నగరపాలకులు సమాధానం చెప్పాలి. 1998లో న్యాయస్థానం ఆ రెండు ప్రశ్నలనూ ఒకే ఉత్తర్వులో వేసింది.