గృహహింస బాధితులకు గోప్య సహాయం

ఇంట్లో హింసకు గురవుతున్న స్త్రీకి, ఆమె ఇష్టం లేకుండా మూడో మనిషికి తెలియనివ్వకుండా అందించే అత్యవసర సాయాన్ని గోప్య సహాయం అంటారు. ఫోన్లో సలహా, కౌన్సెలింగ్, వైద్యం, న్యాయసాయం, తలదాచుకునే చోటు అన్నీ ఇందులోకే వస్తాయి. భారతదేశంలో ఈ సాయం ముఖ్యంగా 181 మహిళా హెల్ప్‌లైన్, సఖి కేంద్రాలు (వన్ స్టాప్ సెంటర్లు), 2005 నాటి గృహహింస చట్టం కింద నియమితులైన రక్షణాధికారుల ద్వారా దొరుకుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పిలవాల్సిన నంబరు 112.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పెళ్లయిన 18–49 ఏళ్ల స్త్రీలలో భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసను చవిచూసినవారు దేశంలో సుమారు 29 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30, తెలంగాణలో దాదాపు 37 శాతం. దెబ్బలు తిన్నవారిలో, లైంగిక హింసకు గురైనవారిలో సాయం కోరింది 14 శాతమే. 77 శాతం మంది ఎవరికీ చెప్పుకోనేలేదు. సంసారం గుట్టుగా ఉండాలని మన ఇళ్లలో నూరిపోసే మాట చివరికి కొట్టేవాడికే కాపలా కాస్తోంది. గోప్య సహాయంలోనూ గుట్టు ఉంది కానీ, ఎవరికి ఎప్పుడు ఎంత చెప్పాలన్నది ఆమె నిర్ణయం.

ఈ జాగ్రత్తకు కారణం ఉంది. హింసించేవాడు ఆమె ఫోన్ లాక్, బ్యాంకు ఖాతా, పిల్లల బడి, పుట్టింటి చిరునామా అన్నీ తెలిసినవాడు. ఆమె ఇల్లు వదిలే ఆలోచనలో ఉందని పసిగట్టిన రోజుల్లోనే దాడి ప్రాణాంతకమయ్యే ప్రమాదం ఎక్కువ. కాబట్టి అనుభవమున్న కౌన్సెలర్ పేరూ ఊరూ అడగడానికి ముందే, ఇప్పుడు మాట్లాడే వీలుందా, పక్కన ఎవరైనా ఉన్నారా అని అడుగుతారు. మళ్లీ ఏ నంబరుకు, ఏ వేళకు చేయవచ్చో, భర్త ఎత్తితే ఏమని చెప్పాలో ముందే అనుకుంటారు. కాల్ వివరాలను ఫోన్లోంచి తీసేయమంటారు. ఆధార్, పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు, కొంత డబ్బు, రోజూ వేసుకునే మందులు నమ్మకమైన మనిషి దగ్గర దాచుకోమంటారు. నోరు విప్పే వీలే లేనప్పటి కోసం 2020 ఏప్రిల్‌లో కెనడా మహిళల ఫౌండేషన్ ఒక చేతి సైగను ప్రచారంలోకి తెచ్చింది: అరచేయి చూపి, బొటనవేలు లోపలికి మడిచి, దానిపై మిగతా వేళ్లు మూయడం.

బాధితుల ఆశ్రయాలకు ఆధునిక కాలంలో పేరొందిన తొలి ఉదాహరణ 1971లో లండన్‌లోని చిస్విక్‌లో ఎరిన్ పిజ్జీ ప్రారంభించిన ఇల్లు. మన దేశంలో 2000లో ముంబయి బాంద్రాలోని భాభా ఆసుపత్రిలో నగరపాలక సంస్థ, సెహాత్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి బాధితులకు సాయపడే దిలాసా కేంద్రాన్ని నెలకొల్పాయి. ఆసుపత్రిని ఎంచుకోవడం ఎంతో ఆలోచన ఉన్న పని. పోలీసు స్టేషన్ మెట్లెక్కిన ఆడదాన్ని ఊరంతా చూస్తుంది. ఒంట్లో బాగోలేక ఆసుపత్రికి వెళ్లొస్తానంటే అత్తగారైనా అడ్డుచెప్పడం కష్టం. ఢిల్లీలో 2012 నాటి నిర్భయ అత్యాచార ఘటన తర్వాత ఉషా మెహ్రా కమిషన్ కూడా అన్ని సాయాలూ ఒకేచోట దొరకాలని సూచించింది. 2015 ఏప్రిల్ 1 నుంచి నిర్భయ నిధితో సఖి పథకం మొదలైంది. ఈ కేంద్రాల్లో 5 రోజుల వరకు ఉండవచ్చు; ఆ పైన అవసరమైతే వేరే ఆశ్రయానికి పంపుతారు. హైదరాబాద్‌లో 2016 నుంచి పోలీసుల ఆధ్వర్యంలో భరోసా కేంద్రం కూడా నడుస్తోంది.

గృహహింస చట్టంలో గోప్యతకు ఆధారాలున్నాయి. బాధితురాలు కోరితే ఆమె తమ దగ్గర ఉందన్న సంగతిని ఆశ్రయగృహం ఎదుటి పక్షానికి తెలియజేయకూడదని 2006 నాటి నియమావళి చెబుతుంది. చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం విచారణను బయటివారు లేకుండా జరపవచ్చు. 4వ సెక్షన్ కింద ఇరుగుపొరుగు ఎవరైనా రక్షణాధికారికి సమాచారం ఇవ్వవచ్చు. సదుద్దేశంతో ఇచ్చినవారిపై ఏ బాధ్యతా ఉండదు.

హద్దులూ ఉన్నాయి, వాటిని కౌన్సెలర్ మొదటే చెప్పాలి. పిల్లలపై లైంగిక హింస బయటపడితే పోక్సో చట్టం కింద ఫిర్యాదు తప్పనిసరి. మేజిస్ట్రేటు దగ్గర కేసు వేస్తే భర్తకు నోటీసు వెళ్తుంది, ఆ సంగతి ఇక దాగదు. వీటికి మించిన ముప్పు చట్టంలో లేదు, అలవాటులో ఉంది. ఆమెను అడగకుండానే భర్తను పిలిపించి, పెద్దల్లో పెట్టి, "సర్దుకుపోమ్మా" అని పంపేయడం ఏ కేంద్రంలో జరిగినా అది నమ్మకద్రోహమే. మరోసారి ఆమె ఆ గడప తొక్కదు.

విదేశాల్లోని తెలుగు మహిళలకు వీసా మరో సంకెల. అమెరికాలో హెచ్-4 ఆశ్రిత వీసాపై ఉన్న భార్య నివాసహక్కు భర్త ఉద్యోగ వీసాతో ముడిపడి ఉంటుంది. న్యూజెర్సీలో 1985 నుంచి మానవి, న్యూయార్క్‌లో 1989 నుంచి సఖి అనే దక్షిణాసియా మహిళా సంస్థలు ఇలాంటివారికి తోడుంటున్నాయి. భర్త అమెరికా పౌరుడో గ్రీన్ కార్డుదారో అయితే, హింసకు గురైన భార్య అతని ప్రమేయం లేకుండా సొంతంగా నివాసహక్కుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ దరఖాస్తు సంగతి వలస అధికారులు అతనికి చెప్పడాన్ని అక్కడి సమాఖ్య చట్టం నిషేధిస్తుంది.