గాజుగొట్టపు కోఁత - నీటి సాయము



మా పామిడి పెన్న యొడ్డున నున్నది. అనంతపురము సీమలో సగటు వర్షము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇట్టి చోట, గాజుగొట్టమును కోయు రంపముపై నీరు ధారగా పోయవలెనన్నచో, ఇది దుబారా కాదా యని మీరడుగవచ్చును. నేనును చిన్నతనమున నట్లే తలఁచితిని. ఒక ప్రయోగశాలలో నీరు విడువకయే కోయఁబోగా గొట్టము పగిలి, పెంకు నా బొటనవ్రేలిని చీల్చెను. ఆ మచ్చయే నాకు గురువు.

తడిపి కోయు విద్య మనకు క్రొత్తది కాదు. 17వ శతాబ్దమున మన వజ్రపు గనులను చూచిన ఫ్రెంచి వర్తకుఁడు టావెర్నియే, 1676లో వెలువడిన తన గ్రంథమున, రావల్కొండ గనికడ సానపట్టువారిని వర్ణించెను. ఆ యూరు కర్నూలు జిల్లా రామళ్లకోటయే యని పలువురి మతము. వారు పళ్లెమంత చక్రముపై రాతినుంచి, దాని పొర తెలియువఱకు ఎడతెగక నీరు పోయుచుండిరఁట. పిమ్మట నూనెయు, వజ్రపు పొడియు వాడిరఁట. వజ్రమును వజ్రమే యఱుగఁదీయవలెను గదా! తొలకరి పిమ్మట వజ్రకరూరు పొలములలో జనులు వెదకునది ఆ రాతినే. 1954లో అమెరికాలో వజ్రమును యంత్రములతో చేయఁగలిగిరి. అట్టి పొడిని అంచున పొదిగిన బిళ్లయే నేఁడు గాజును, తాడిపత్రి బండను కోయుచున్నది.

నీరేల? గాజు వేఁడిని త్వరగా వ్యాపింపనీయదు. రాపిడి తగిలినచోటు కాఁగి వ్యాకోచించును. ప్రక్కభాగము చల్లగనే యుండును. ఆ పెనఁగులాటలో బీట పుట్టును. నీరు వేఁడిని గొనిపోవును, పొడిని కడిగివేయును, ధూళిని ఎగయనీయదు. గాజుధూళి రొమ్మునకు హానికరము. ఇసుకపాలు గల రాతిధూళి యైనచో సిలికోసిస్ అను మానని ఊపిరితిత్తుల వ్యాధిని తెచ్చును.

కోయువారు గొట్టమును కదలకుండ గాడిలో నమర్చి, ముందు నీరు విడిచి, పిదప బిళ్లను త్రిప్పవలెను. బలవంతము కూడదు, తెగఁబోవు వేళ మఱింత నెమ్మది వలయును. కన్నులకు అద్దములుండవలెను, వ్రేలాడు వస్త్రములు పనికిరావు. తడికిని విద్యుత్తునకును పొత్తు కుదరదు. యంత్రమునకు ఎర్తు తప్పనిసరి, తడిచేతితో మీటను తాఁకరాదు. కోసిన యంచును నునుపు చేసినఁగాని గొట్టమును చేతికీయరాదు.

ఇఁక దుబారా మాట. క్రింద తొట్టి యుంచినచో పొడి యడుగున పేరుకొనును. పైతేటను పంపు మరల బిళ్లపైకి తెచ్చును. అదే నీరు పలుమారులు పనిచేయును.

మన పిల్లలు బండల కర్మాగారములకు పోవునపుడు కూలి యెంతయని యడుగుదుము. బిళ్లపై నీరు పడుచున్నదా యనియు నడుగుఁడు. కూలి నేఁడు తక్కువైన రేపు పెరుగవచ్చును. పోయిన ఊపిరి తిరిగిరాదు.