తిరుత్తణి తెర మీదికి వచ్చేదాకా

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు తగాదాపై పటాస్కర్ ఇచ్చిన తీర్పు ప్రకారం బదులుగా తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల్లోని కొన్ని ఊళ్లు ఆంధ్రకొచ్చాయి. ఆ హద్దు మీద ఊరి పేరును తెలుగు, తమిళ లిపులు రెండింటిలోనూ రాసుకునేవాళ్లు నేటికీ ఉన్నారు.

తిరుత్తణి అన్న పేరు ఫోన్‌లో తెలుగులో కొడితే లోపల నిలిచేవి 9 యూనికోడ్ సంకేతాలు. తమిళంలో కొట్టినా సరిగ్గా తొమ్మిదే. తెర మీద మాత్రం తెలుగుకు నాలుగు అక్షరాలు, తమిళానికి ఐదు. మన పొల్లు రెండో 'త'ను వత్తుగా కిందికి దింపుతుంది. తమిళ పుళ్లి మొదటిదాని నెత్తిన చుక్కై కూర్చుని, రెండోదాన్ని పక్కనే ఉండనిస్తుంది. ఈ తేడా తెలిసి అక్షరాలు పేర్చే లైబ్రరీ హార్ఫ్‌బజ్. ఓపెన్‌టైప్ అన్న మాటను పారసీకంలో పెడితే వచ్చిన పేరు అది. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ అన్నీ దాన్ని వాడుకునేవే. మరి ఒకే కోడు ఇన్ని యంత్రాలకు ఎలా సరిపోతోంది?

ఆ కథ 1976లో, బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన బిల్డ్ పనిముట్టు మేక్‌తో మొదలు. మారిన ఫైళ్లేవో చూసి, వాటికి సంబంధించినంత వరకే మళ్లీ కంపైల్ చేయిస్తుంది. ఆదేశం ముందు ట్యాబ్ ఉండి తీరాలి, స్పేసులు చెల్లవు. ఆ నియమాన్ని ఆయన మారుద్దామనుకునేసరికి ఓ డజను మంది వాడేస్తున్నారట. వాళ్లను ఇబ్బంది పెట్టలేక వదిలేశాడు. ఆ మొహమాటానికి ఇవాళ్టికీ మనం 'మిస్సింగ్ సెపరేటర్' అనే చీవాట్లు తింటున్నాం!

యంత్రాల మధ్య తేడాలు మేక్‌కు పట్టవు. అందుకే 1991లో డేవిడ్ మెకెంజీ ఆటోకాన్ఫ్ మొదలుపెట్టాడు. బుల్లి ప్రోగ్రాములు కంపైల్ చేసి, యంత్రంలో ఏముందో ఏం లేదో అది తేల్చుకుంటుంది. అది తయారుచేసే షెల్ స్క్రిప్టులు విండోస్‌కు మింగుడుపడలేదు. 2000లో కిట్‌వేర్ వాళ్ల సీమేక్, తర్వాత ఫిన్లాండ్‌కు చెందిన యుస్సి పక్కనెన్ తెచ్చిన మీసన్ వచ్చాయి. హార్ఫ్‌బజ్ బిల్డ్ ఇప్పుడు ప్రధానంగా మీసన్‌తోనే.

అసలు తలనొప్పి క్రాస్ కంపైలింగ్. ల్యాప్‌టాప్ మీద కూర్చుని ఫోన్ ప్రాసెసర్ కోసం చేసిన బిల్డును అక్కడే నడిపి చూడలేం. ఐసీయూ అనే ఇంకో భాషా లైబ్రరీ సంగతే చూడండి. దాని డేటాను తయారుచేసే పనిముట్లు దానిలోనే ఉంటాయి. అవి ఫోన్ కోసం తయారైతే ల్యాప్‌టాప్‌లో కదలవు. కాబట్టి ముందు ల్యాప్‌టాప్‌కు ఒక బిల్డ్ చేసి, 'విత్-క్రాస్-బిల్డ్' ఆప్షన్‌లో ఆ ఫోల్డరు చూపించి, అప్పుడు ఫోన్‌కు రెండోసారి చేయాలి. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే.

ఎర్రర్ రాలేదు కదా అని నమ్మేయకండి. పైథాన్‌లో బొమ్మల మీద రాసే పిల్లో, అక్షరాలు పేర్చడానికి దానికి కావాల్సిన రాక్మ్ లైబ్రరీ లేకపోయినా చక్కగా బిల్డ్ అవుతుంది, తెలుగు మాత్రం చెదిరిపోతుంది. కొత్త యంత్రానికి ఏది బిల్డ్ చేసినా ఒక్కసారి తిరుత్తణి అని రాయించి చూడండి. 'త' కింద వత్తు కనిపించకపోతే మళ్లీ కాన్ఫిగర్ చేయాల్సిందే.